బొంత చరిత్రము

మన మేర కులస్థుల సభలయందు కత్తెరను గూర్చియు కుట్టుయంత్రమును గూర్చియు ప్రసంగములు తఱచుగా జరుగుచుండును. అంగడిలో కూర్చుండి, కొలతలు తీసికొని, కొత్తబట్టను కత్తిరించి చొక్కాలు, రవికెలు కుట్టుటయే కులవృత్తి యని మన తలంపు. అదే యింటి వెనుక వసారాలో, ఆ కత్తెరక్రింద రాలిన పీలికలను, నలిగిన పాతచీరలను చేర్చి బొంతలు కుట్టిన తల్లుల పని వృత్తిలో చేరినది కాదని విడిచితిమి. నాకు జూడ ఈ రెండవదియే ప్రాచీనతరము. అది మన వారికి విన్నవింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

సంస్కృతమున బొంతకు కంథ యని పేరు. అమరసింహుడు తన నిఘంటువునందు కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అను రెండు నామముల నిచ్చినాడు. సౌచికు డనగా సూదితో పనిచేయువాడు. తున్నవాయు డనగా చినిగినదానిని నేయువాడు, అనగా అతుకువాడు. చిత్తగింపుడు: ఈ రెండు నామములలో ఎచ్చటను కత్తెర లేదు. కొత్తబట్టను కోయువా డని గాక, పాతబట్టను నిలుపువా డని మన పూర్వులకు పేరు వచ్చినది. ఆ గ్రంథమందే జీర్ణవస్త్రమునకు పటచ్చర మనియు, గుడ్డపీలికకు కర్పట మనియు వేఱువేఱు పేర్లు కలవు. చినిగినదానికి పేరు పెట్టి దాచుకొన్న జాతి దానిని పారవైచెడిది కాదనుట స్పష్టము. గీతాచార్యుడు నరుడు జీర్ణవస్త్రములను విడిచి కొత్తవి ధరించునని దృష్టాంతము చెప్పెను. మన యవ్వలు మాత్రము విడిచిన బట్టను గూడ విడువలేదు!

పాతబట్టను గూర్చిన మిక్కిలి తేటయైన వృత్తాంతము బౌద్ధుల వినయపిటకమున నున్నది. కౌశాంబీ రాజైన ఉదయనుని అంతఃపుర స్త్రీలు ఆనందునకు ఐదువందల వస్త్రములు దానము చేసిరి. ఇన్ని బట్టలతో సన్న్యాసికేమి పని, వర్తకము చేయునా యని రాజు సందేహించి అడిగెను. చీవరములు చినిగిన భిక్షువులకు పంచెద నని ఆనందుడు చెప్పెను. మఱి ఆ పాతవి యేమగునన, వానిని పైపరపులు చేసెద మనెను. అవియు పాతబడిన పరుపుల ముసుగులు, పిదప నేలపరపులు, పిదప కాళ్లు తుడుచుకొను గుడ్డలు, పిదప దుమ్ము దులుపు గుడ్డలు. తుద కా పీలికలను దంచి, మట్టితో పిసికి, నేలకు మెత్తెద మనెను. రాజు సంతసించి మఱి యైదువందల వస్త్రముల నిచ్చి పంపెను. భిక్షువుల చీవరమును ముక్కలు చేర్చి కుట్టు పద్ధతిని, మగధదేశపు మళ్లగట్లను చూపి బుద్ధుడు అడుగగా, కుదిర్చినవాడును ఈ యానందుడే. ఇట్టి యతుకుల చీవరములు ధరించిన భిక్షువులు మనకు దూరపువారు కారు. జనగామకు పొరుగున, నేటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై వారి విహారముల శిథిలము లిప్పటికిని ఉన్నవి.

ఆనందుడు చెప్పిన వరుస మానుకోట ప్రాంతపు ప్రతి యిల్లాలికిని తెలిసినదే. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలో గట్టిభాగము లంగాకు, పిల్లల గౌనులకు పోవును. మెత్తని భాగము పసిబిడ్డకు పొత్తిగుడ్డ. అంచు చించి పేనిన త్రాడు. మిగిలినది బొంతలోనికి. బొంత చినిగిన పిదప మసిగుడ్డ, ఆపైన అలుకుగుడ్డ. పేడనీళ్లలో మునిగి నేలలో కలిసిపోవువఱకు ఆ చీరకు సెలవు లేదు. పిటకము చదువని మన తల్లులు ఆనందుని వలెనే నడచుకొనిరి.

బొంత కుట్టుట సులభమని తలంపరాదు. ఉతికి ఆరవేసిన చీరను ముడుత లేకుండ నేలపై పఱచి, నాలుగు మూలల బరువులు పెట్టుదురు. నడుమ చినుగుబట్టలను ఎగుడుదిగుడు లేకుండ పేర్చి, పైన మఱియొక చీర కప్పి, అంచులు మడిచి, అంచునుండి లోపలికి వరుసలు వరుసలుగా కుట్టుకొని వత్తురు. వరుస వంకరపోయిన లోపలి గుడ్డలు ఒక్కమూలకు జాఱి ముద్దయగును. దగ్గఱ దగ్గఱ కుట్టిన బరువెక్కును, దూరముగా కుట్టిన నిలువదు. ఈ కొలత ఏ పట్టీమీదను లేదు, చేతిలోనే కలదు. అట్టిదానిని మనము పొసగని వ్రాతను నిందించుటకు "అతుకులబొంత" యని వాడుచున్నాము. మంచి బొంత నెన్నడును పరికింపనివాడే ఆ మాట పుట్టించి యుండును.

ఇదే ప్రాంతపు తండాలలో లంబాడీ స్త్రీల సూది వేఱు త్రోవ త్రొక్కినది. మహబూబాబాదు జిల్లా జనులలో మూడవవంతునకు పైగా గిరిజనులు. వారిలో అధికులు లంబాడీలు. వారి ఫేట్యాయందు, కాంచళియందు రంగురంగుల ముక్కలు, అద్దములు, గవ్వలు కూర్పబడును. కర్ణాటకమున సండూరు లంబాణీల యీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపియందు జీ-20 సమావేశ సందర్భమున 450 మందికి పైగా స్త్రీలు చేసిన 1,755 వస్తువులను ప్రదర్శించి గిన్నిసు గ్రంథమున కెక్కిరి. వంగదేశపు స్త్రీల కాంథాను గూర్చి జసీముద్దీన్ 1929 లోనే కావ్యము వ్రాసెను. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ గ్రామమున నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002 లో హ్యూస్టన్ చిత్రశాల గోడలకు వ్రేలాడదీసి చూపిరి. మన బొంత మంచము దిగి గోడ యెక్కలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బట్ట కరవైనపుడు అతుకునకు గొప్ప గౌరవము వచ్చెను. 1943 లో ఆంగ్లప్రభుత్వము, ఉన్నదానితో సరిపెట్టుకొని బాగుచేసికొనుడని తన ప్రజలకు చిన్న పుస్తకమును అచ్చొత్తించి పంచెను. ఆ యేడే ఈ దేశమునను బట్టపైన, నూలుపైన నియంత్రణపు ఉత్తరువు వచ్చెను. మాసిక వేయుటకు మన పల్లెలలో పుస్తక మక్కఱ లేకపోయెను.

బొంతకు చేటు కరవుచేత గాక కలిమిచేత వచ్చినది. 1889 నాటికి బెజవాడవఱకు సాగిన రైలుదారి మిల్లుబట్టను దెచ్చినది. కుట్టుయంత్రము పిదప వచ్చినది. ఇవి బొంతను చెఱుపలేదు, పైగా మేరవాని యింట పీలికలను పెంచినవి. నూలును తొలగించిన పాలిస్టరే అసలు విరోధి. 2017 మొదలు కొన్నియేండ్లు ప్రభుత్వము పంచిన బతుకమ్మ చీరలును సిరిసిల్ల మరమగ్గములపై నేసిన పాలిస్టరువే. నేతగాండ్రకు పని దొరకుట మంచిదే, కాదనను. కాని ఆ చీర చెమట పీల్చదు, కట్టినకొలది నూలువలె మెత్తబడదు, పొరపై పొర నిలువక జాఱును. సిద్ధముగా కుట్టిన దుస్తులు మన అంగళ్లను తగ్గించిన కాలమందే, మెత్తని పాతనూలు దొరకక మన యిండ్లలో బొంతసూదియు త్రుప్పుపట్టినది. అంగడికి కలిగిన నష్టమును సభలలో మొఱపెట్టుకొనుచున్నాము. రెండవ నష్టమును తలచువారు లేరు.

ఏ యింటనైనను అటకమీద పాతబొంత యున్నచో, పారవేయకముందు చినిగిన మూలను విప్పి చూడుడు. పాతబొంతపైననే కొత్తచీర తొడిగి మరల కుట్టుట మన యాచారము గనుక పొరలు కాలక్రమమున నుండును. పైన పాలిస్టరు, దాని క్రింద మిల్లునూలు, అడుగున నొకప్పుడు చేమగ్గపు ముతకచీర. కుట్టుల యెడమును వ్రేలితో కొలిచి, ఏ పొర యెవరి చీరయో యింటి ముసలివారి నడిగి వ్రాసికొనుడు. వారికి జ్ఞాపకముండును.