పాత పేజ్‌మేకర్‌ను విడువని డి.టి.పి. కేంద్రములు

ఏలూరులో గాని తాడేపల్లిగూడెములో గాని శుభలేఖ అచ్చు వేయింపబోయినవారికి డి.టి.పి. కేంద్రములు క్రొత్త కావు. అచ్చట ఒక మూల, ఇంటర్నెట్టు తీగ తగిలింపని పాత కంప్యూటరు కనబడినచో, క్రొత్తది కొనుటకు మనసొప్పక ఉంచినారని తలచువారు కలరు. మేము అట్లు తలపము. ఇరువది ముప్పది ఏండ్ల తెలుగు అచ్చుపని దానిలో చిక్కుకొని యున్నది. దానిని తెరచు తాళపుచెవి పేజ్‌మేకర్ అను సాఫ్ట్‌వేరు. చేసినవారే దానిని విడిచిపెట్టినారు.

అమెరికాలోని సియాటిల్ నగరపు ఆల్డస్ సంస్థ 1985లో పేజ్‌మేకర్‌ను వెలువరించినది. వెనిస్ నగరమున పూర్వము ప్రసిద్ధికెక్కిన ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరే ఆ సంస్థ పేరు. 1994లో అడోబి సంస్థ దానిని తనలో కలుపుకొన్నది. 1999లో ఇన్‌డిజైన్‌ను తెచ్చినది. 2001 నాటి ఏడవ కూర్పుతో పేజ్‌మేకర్ కథ నిలిచిపోయినది.

కథ అంతటితో ముగియవలసినదే. తెలుగునాట ముగియకపోవుటకు కారణము మన లిపియే. ఆనాటి ఫాంటులో అక్షరములకు 256 గదులకు మించి యుండెడివి కావు. గుణింతములు, ఒత్తులు గల తెలుగునకు అవి చాలునా? అందుచే ఫాంటులు చేసినవారు అక్షరములను ముక్కలు చేసినారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు వేరొకచోట. ఇంగ్లీషు అక్షరములకై ఏర్పడిన గదులలోనే ఈ ముక్కలను సర్దినారు. డి.టి.పి. కేంద్రములలో వాడుకకెక్కిన అను ఫాంటులు ఈ తీరువే. వీనితో వచ్చిన యాపిల్ కీబోర్డు వరుస వ్రేళ్లకు పట్టిన ఆపరేటర్లు మీటలవైపు చూడనైన చూడరు.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు కలదు. తెరమీద కనబడునది తెలుగు. లోపల దాగినది తెలుగు కాదు. ఆ ఫాంటు లేని యంత్రమున అదే పుటను తెరచినచో రోమను అక్షరములు, వింత గుర్తులు తప్ప మరేమియు కానరాదు. 1991 నాటి యూనికోడ్ మన అక్షరములకు స్వంత సంఖ్యల నిచ్చినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. పేజ్‌మేకర్ మాత్రము యూనికోడును నేర్వకయే ఆగిపోయినది.

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినది. కృష్ణా జిల్లాలోని కైకలూరు, మండవల్లి మండలములు దీనిలో చేరినవి. తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలోనే నిలిచినది. కొల్లేటి తీరమునందలి చేపల వ్యాపారి బిల్లు పుస్తకము మొదలు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర కరపత్రము వరకు జిల్లా పేరు మార్చవలసివచ్చినది. పాత ఫైలు తెరుచుకొన్నచో మార్పు ఒక్క పంక్తి. తెరుచుకొననిచో అంతయు మరల కూర్పవలసినదే.

విండోస్ మారినప్పుడెల్ల ఇదే పరీక్ష. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోను, ఏడవ విండోస్‌కు 2020 జనవరి 14తోను, పదవదానికి 2025 అక్టోబరు 14తోను మైక్రోసాఫ్టు సాధారణ రక్షణ ముగిసినది. పేజ్‌మేకర్‌ను పాత విండోస్‌లో ఉన్నట్లు భ్రమింపజేయు అమరిక ఒక ఉపాయము. అది కుదిరినను ప్రింటరు వివరములు తెలుపు పి.పి.డి. ఫైలు దొరకక పని ఆగుట కద్దు. కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును కల్పించి, దానిలో ఎక్స్‌పీని నడుపుట వేరొక ఉపాయము. ఆ లోపలి యంత్రమును ఇంటర్నెట్టుకు దూరముగా ఉంచినచో మాకు ఇదియే మేలని తోచుచున్నది.

యూడోరా అను ఈమెయిల్ సాఫ్ట్‌వేరును కూడ క్వాల్‌కామ్ సంస్థ 2006లో ఆపివేసినది. అయితే 2018లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియము దాని మూలరచనను లోకమునకు విడుదల చేసినది. ఓపిక గలవారు బాగుచేసికొనవచ్చును. పేజ్‌మేకర్‌కు అట్టి భాగ్యము పట్టలేదు.

ఇక మీ యింటి మాట. తాతగారి శతకమో, ఊరి దేవాలయ చరిత్రయో, బడి వార్షికోత్సవ సంచికయో 1998 ప్రాంతమున అచ్చయి యుండిన, దాని ఫైలు ఏ సీడీలోనో ఉండవచ్చును. పి65 అని తోక గలది ఆరున్నర కూర్పుది, పి.ఎం.డి. అని యున్నది ఏడవ కూర్పుది. ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సి.ఎస్.6 వరకు గల కూర్పులే వీనిని తెరచును, తరువాతివి తెరువవు. 2015 నాటి 4.4 కూర్పు నుండి లిబ్రెఆఫీస్ కూడ తెరచుచున్నది. పుట అమరిక కొంత చెదరవచ్చును. పాత యంత్రము నడుచుచుండగనే ఫాంటులతో సహా పి.డి.ఎఫ్. తీయించినచో పుట రూపము నిలుచును. అక్షరములను యూనికోడులోనికి మార్చు సాధనములును కలవు. మార్చిన పిమ్మట ఒత్తులను మాత్రము ఒకరు కూర్చుండి, అచ్చుప్రతిని ప్రక్కన నుంచుకొని దిద్దవలెను.