చెరువునకు మరవ, చిన్నసూర్యునకు మంచుగుండు

చెరువు త్రవ్వించినవాని పేరు శాసనముల కెక్కును. మరవ కట్టినవానిని తలచువా రరుదు. అయినను బేరిగై, హోసూరు ప్రాంతముల రైతుల నెవ్వరి నడిగినను మరవ లేని చెరువు ఊరికి ముప్పని చెప్పుదురు. వానలు మిక్కుటమైన యేడు మిగులునీరు తనంత తానొక ప్రక్కగా పారిపోవలెను. లేనిచో కట్ట తెగును; క్రిందిపొలములు ఇసుకమేటలగును.

ఈ పాతనీతియే నేడొక నూతనశాస్త్రమున ప్రాణప్రశ్నయై నిలిచినది. సూర్యునిలో పరమాణుకేంద్రములు ఒకదానితో నొకటి కలియుటచే శక్తి పుట్టుచున్నది. ఆ సంలీనమును భూమిపై సాధింపవలెనను యత్నముయొక్క చరిత్రలో తొలిపుటలయందే ఒక భారతీయుని పేరు గలదు. 1955లో జెనీవాలో పరమాణుశక్తి శాంతియుత ప్రయోజనములను గూర్చి జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహాసభకు హోమీ భాభా అధ్యక్షుడు. రెండు దశాబ్దములలో సంలీనశక్తిని అదుపులో నుంచి విడుదల చేయు మార్గము దొరకునని ఆయన ఆశించెను. ఆ గడువు 1975తోనే తీరినది. ఆశ ఫలింపకుండుటకు కారణములు పెక్కు. అందొకటి కట్ట తెగుట వంటిది.

1950 ప్రాంతమున సోవియట్ శాస్త్రజ్ఞులు ఇగోర్ తామ్, ఆంద్రీ సఖరోవ్ అనువారు వలయాకారమైన పాత్రలో అయస్కాంతక్షేత్రముచే ప్లాస్మాను బంధించు పద్ధతి నూహించిరి. ప్లాస్మా యనగా అత్యుష్ణమున ఎలక్ట్రానులు విడివడిన వాయువు. ఆ యంత్రమునకు టోకమాక్ అని పేరు వచ్చినది. 1963లో గొర్బునోవ్, రజుమోవా అను పరిశోధకులు అందొక వింతను వెల్లడించిరి. నిలకడగా నున్న ప్లాస్మా హఠాత్తుగా చెదరి, అందు పారు విద్యుత్ప్రవాహము కూలిపోవుచుండెను. దీనిని డిస్రప్షన్ అందురు. మనము విచ్ఛిత్తి యందము.

ఇది బాంబువలె ప్రేలునది కాదు. పాత్రలోని యింధనము కొలది గ్రాములు మాత్రమే, చెదరినంతనే చల్లారును. ఊరికి కీడు లేదు, యంత్రమునకే చేటు. ఆ చేటు మూడు విధములు. వేడిమి యంతయు సెకనులో వెయ్యవవంతు లెక్కన గోడపై బడి లోహమును కరగించును. ప్రవాహము కూలునపుడు పాత్రగోడలలో పుట్టు ప్రవాహములవలన మహాబలములు కలిగి పాత్రను మెలిపెట్టును. కొన్ని ఎలక్ట్రానులు దాదాపు కాంతివేగమున పరుగెత్తి గోడ నొక్కచోట పొడుచును.

మన దేశమున గాంధీనగరము చెంత ప్లాస్మా పరిశోధన సంస్థ 1986లో స్వతంత్రసంస్థగా నేర్పడెను. ప్రధిమన్ కృష్ణ కౌ దానికి తొలి సంచాలకుడు. 1989లో అచ్చట మన దేశముననే నిర్మింపబడిన తొలి టోకమాక్ ‘ఆదిత్య’ వెలిగెను. ఆ పరిశోధకులు హైడ్రోజను వాయువును చిమ్మి విచ్ఛిత్తిని తామే రప్పించి, ప్లాస్మా అంచున నిలిపిన ఎలక్ట్రోడునకు విద్యుద్బల మొసగి దానిని తప్పింపవచ్చునని నిరూపించిరి. ఆ ఫలితములు 2014లో ప్రచురితములైనవి. వరద వచ్చిన పిదప పరుగులిడక, చేజేతుల చిన్నవరద తెచ్చి కట్టను పరీక్షించుట వంటి దీ విధానము.

చిన్నయంత్రమున విచ్ఛిత్తి ఒక పాఠము. పెద్దయంత్రమున అది విపత్తు. ఫ్రాన్సు దేశమున భారతదేశము సహా 7 భాగస్వాములు కలిసి నిర్మించుచున్న ‘ఈటర్’ యంత్రమున 1 కోటి 50 లక్షల ఆంపియర్ల ప్రవాహము పారవలెను. ఉష్ణము 15 కోట్ల డిగ్రీలు. దాని చుట్టునుండు 3,850 టన్నుల శీతకవచము మన గుజరాతులోని హజీరాలో రూపొందినది. ఇట్టి యంత్రమును చెడగొట్టుకొని నేర్చుకొనుట యెవ్వరికిని సాధ్యము కాదు.

కనుక దానికిని ఒక మరవ కావలసివచ్చినది. హైడ్రోజను, నియాను వాయువులను సున్నకు దిగువ 260 డిగ్రీలకు సమీపించు చలిలో గడ్డకట్టించి, గుండుగా చేసి, విచ్ఛిత్తి సూచన కనబడగనే పాత్రలోనికి పేల్చుదురు. వంపుగొట్టమునకు తగిలి అది తునకలై ప్లాస్మాలో చొచ్చును. అప్పుడు నియాను వేడిమిని కాంతిగా మార్చి నలువైపులకు వెదజల్లును. ఒక్కచోట పడవలసిన దెబ్బ గోడలన్నింటికిని పంచబడును. హైడ్రోజను ప్లాస్మాను చిక్కబరచి, పరుగెత్తబోవు ఎలక్ట్రానుల నడ్డగించుటకు తోడ్పడును. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలవారు ఈ పద్ధతిని రూపొందించిరి. సాన్‌డియాగోలోను, ఇంగ్లండులోని జెట్ యంత్రమునందును, కొరియాలోను పరీక్షలు జరిగినవి. 2024లో ప్రకటించిన ప్రణాళిక ననుసరించి ఈటర్‌లో పరిశోధన 2034లో మొదలు కావలెను.

ఇంతకును ఈ చరిత్ర నేర్పునదేమి? వెలిగించుట విద్యలో సగము. కీడు లేకుండ ఆరనిచ్చుట తక్కిన సగము. ఈ యెల్లప్రాంతమున మన పిల్లలు శాస్త్రమును పరభాషలలో చదువుచున్నారు. చదువనిండు, మంచిదే. కాని కట్ట, గండి, మరవ అను మాటలు ఇంట నున్నంతకాలము, ఆ శాస్త్రపు సారము తాతకు మనుమడు తెలుగున చెప్పగలడు. ఆ మాటలను పోగొట్టుకొన్ననాడు పొలము మాత్రమే కాదు, ఆలోచనయు ఇసుకమేట యగును.