అటక మీద అగాధం

1977లో అమెరికాలోని ఎంఐటీలో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు యువకులు ఒక కంప్యూటర్ ఆట రాయడం మొదలుపెట్టారు. పేరు జోర్క్. బొమ్మలు లేవు, చప్పుళ్ళు లేవు. ఎక్కడున్నామో తెర మీద నాలుగు వాక్యాలు చెబుతాయి. ఏం చేయాలో ఆటగాడు టైపు చేస్తాడు, ఏం జరిగిందో యంత్రం మళ్ళీ వాక్యాల్లోనే చెబుతుంది. దీపం లేకుండా చీకట్లో తిరిగితే అగాధంలో పడి చావాల్సిందే అన్నది తొలి రోజుల్లో ఆటలో ఒక నియమం. నేలమాళిగల్లో ఈ నియమం బాగానే నడిచింది. కానీ ఆట మొదట్లో కనిపించే ఇంటికి ఒక అటక ఉంది, అక్కడా చీకటే. దీపం లేకుండా అటకెక్కినవాళ్ళు అక్కడా అడుగులేని గోతిలో పడి చచ్చారు. అటక మీద అంత లోతు గొయ్యి ఉంటే కింది గదిలో కనబడొద్దా అని ఆటగాళ్ళు నిలదీశారు.

ప్రోగ్రాం లెక్కన అందులో తప్పేమీ లేదు. కోడ్ మధ్యలో ఆగిపోలేదు, ఎర్రర్ సందేశం రాలేదు. చీకటైతే పడెయ్యమన్నారు, పడేసింది. తప్పంతా రాసినవాళ్ళు కట్టిన లోకంలో ఉంది. చివరికి లెబ్లింగ్ గోతుల్ని తీసేసి, చీకట్లో పొంచి ఉండి మనుషుల్ని మింగే ‘గ్రూ’ అనే ప్రాణిని పెట్టాడు. అది అటక మీదైనా ఉండొచ్చు, అడిగేవాడు లేడు. ఇవాళ జోర్క్ పేరెత్తితే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఆ గ్రూయే. ఒక బగ్‌కు వేసిన మాసిక అసలు గుడ్డ కన్నా పేరు తెచ్చుకుంది.

టెక్స్ట్ అడ్వెంచర్ అనే ఈ ఆటల చరిత్రలో సగం ఇలాంటి మరమ్మతుల చరిత్రే. జీతాల లెక్క చేసే ప్రోగ్రాంలో ఏది తప్పో అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం ఆటగాడు ఏ మాట కొడతాడో, ఏ వస్తువు పట్టుకుని ఏ గదిలోకి పోతాడో రాసినవాడికి తెలియదు. అందుకే తప్పు కోడ్‌లో ఎంతుంటుందో రాసినవాడు ఊహించని చోట్లలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగేది ఆడేవాడే.

ఈ వంశానికి మూలపురుషుడు విల్ క్రౌథర్. మసాచుసెట్స్‌లోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ కంపెనీలో, నేటి ఇంటర్నెట్‌కు తాతలాంటి అర్పానెట్‌ను నిర్మించిన ప్రోగ్రామర్లలో ఒకడు. తీరిక దొరికితే గుహల్లో తిరిగేవాడు. భార్య పాట్రీషియాదీ అదే పిచ్చి. కెంటకీ రాష్ట్రంలోని ఫ్లింట్ రిడ్జ్ గుహలూ మామత్ గుహా లోపల్లోపల కలిసే ఉన్నాయని 1972 సెప్టెంబరులో తేల్చిన బృందంలో ఆమె ఉంది. కొన్నాళ్ళకు దంపతులు విడిపోయారు. తన దగ్గరికి వచ్చే ఇద్దరు కూతుళ్ళను ఆడించడానికి క్రౌథర్ 1975-76 ప్రాంతంలో తనకు బాగా తెలిసిన గుహనే ఆటగా మార్చాడు. ఫోర్ట్రాన్ భాష, పీడీపీ-10 యంత్రం, ఏడెనిమిది వందల లైన్ల కోడ్, దాదాపు అంతే డేటా. పేరు కూడా సాదాగా అడ్వెంచర్ అనే పెట్టాడు.

ఆ యంత్రం మెమరీలో ఒక గడి 36 బిట్లు. ఏడేసి బిట్ల చొప్పున అందులో అయిదు ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి, ఒక బిట్టు మిగిలిపోతుంది. కాబట్టి ఆట ప్రతి మాటలోనూ మొదటి అయిదు అక్షరాలే చూసేది. ‘నార్త్’ అన్నా ‘నార్త్ఈస్ట్’ అన్నా దానికి ఒకటే. ఈశాన్యానికి బయల్దేరినవాడు ఉత్తరాన తేలేవాడు. ఈశాన్యానికి ‘ఎన్ఈ’ అని రెండక్షరాలే కొట్టండని ఆట సూచనల్లోనే చెప్పేశారు. తీర్చలేని లోపాన్ని నిబంధనగా అచ్చేసే విద్య ప్రోగ్రామర్లకు అప్పటికే అబ్బిందన్నమాట.

ఆట నెట్‌వర్క్ మీద తిరుగుతూ స్టాన్‌ఫర్డ్ చేరింది. అక్కడి విద్యార్థి డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దచేయాలనుకున్నాడు. మూల కోడ్ కావాలి, రాసిందెవరో క్రౌథర్ అట, ఎక్కడుంటాడో తెలియదు. వుడ్స్ అర్పానెట్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ క్రౌథర్ పేర ఒక ఉత్తరం పంపాడు. యంత్రాలు అంత తక్కువగా ఉన్న కాలం కాబట్టి ఉత్తరం చేరింది, కోడ్ వచ్చింది. 1977లో వుడ్స్ వెర్షన్ బయటికొచ్చాక చాలా కంప్యూటర్ కేంద్రాల్లో పని కుంటుపడిందని చెప్పుకునేవారు. పని వేళల్లో గుహ మూసి ఉంచే ఏర్పాటు కూడా ఆ కోడ్‌లోనే ఉంది.

వుడ్స్ ఆటకు మొత్తం 350 పాయింట్లు. నిధులన్నీ మోసుకొచ్చి, ప్రాణాలతో బయటపడ్డా 349 దగ్గర ఆగిపోయినవాళ్ళు బోలెడు మంది. లెక్క తప్పిందనే ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ మాత్రం కోడ్‌ది తప్పు కాదు. గుహలో దొరికే ఒక పత్రికను ‘విట్స్ ఎండ్’ అనే చోట పడేస్తే ఆ ఒక్క పాయింటూ వస్తుంది. ఎందుకు పడేయాలో ఆటలో ఎక్కడా చెప్పరు. కోడ్ చదివినవాళ్ళకే దొరికే రకం చిక్కు ఇది. దీన్ని చమత్కారం అనడం కన్నా చిలిపితనం అనడమే న్యాయం.

జోర్క్ రచయితలకు ఇంకో వసతి ఉండేది. వాళ్ళ పీడీపీ-10 మీద నడిచిన ఐటీఎస్ అనే వ్యవస్థలో కట్టుదిట్టాలు తక్కువ. బయటివాళ్ళు అర్పానెట్ ద్వారా లోపలికొచ్చి ఆడేవారు, ఒకరి తెరను మరొకరు చూసే వీలూ ఉండేది. ఆటగాళ్ళు ఏ మాట దగ్గర తంటాలు పడుతున్నారో కళ్ళారా చూసి ఆ మాటను ఆటకు నేర్పవచ్చు. 1979 జూన్‌లో ఇన్ఫోకామ్ కంపెనీ పెట్టి ఆటను ఇంటి కంప్యూటర్లకు అమ్మబోయేసరికి ఆ వీలు పోయింది. డిస్కు ఒకసారి దుకాణం చేరితే దాన్ని దిద్దే మార్గం లేదు. పైగా మార్కెట్లో ఉన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి పొసగవు.

ఈ రెండో కష్టానికి జోయల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ కనిపెట్టిన ఉపాయం జీ-మెషీన్. అదొక ఊహా కంప్యూటర్. ఆట మొత్తం దాని భాషలోనే ఉంటుంది. నిజం కంప్యూటర్లకు ఒక్కోదానికి ఒక్కో చిన్న అనువాదక ప్రోగ్రాం రాస్తే చాలు. ఒక తలుపు తప్పుగా తెరుచుకుంటుంటే ఒక్కచోట దిద్దితే అన్ని కంప్యూటర్లలోనూ దిద్దినట్టే. ప్రతి సవరణకూ విడుదల సంఖ్య, తేదీతో కూడిన సీరియల్ నంబరు ఉండేవి. జోర్క్ మొదటి భాగానిదే విడుదల 88, సీరియల్ 840726 అనే ప్రతి ఒకటుంది. 1984 జూలై 26 అని దాని అర్థం. అమ్మకానికొచ్చి దాదాపు నాలుగేళ్ళయ్యాక కూడా అటకల్లో అగాధాలు వెతుకుతూనే ఉన్నారన్నమాట.

మొదటి కష్టానికి మందు, జీతమిచ్చి ఆడించడం. స్టీవ్ మెరెట్స్కీ 1981లో ఇన్ఫోకామ్‌లో చేరింది ‘డెడ్‌లైన్’ అనే హత్యాపరిశోధన ఆటను పరీక్షించడానికి. ఆడినదంతా ‘స్క్రిప్ట్’ ఆదేశంతో కాగితం మీదికి ముద్రణవుతుంది. పరీక్షించేవాళ్ళ పనల్లా వెర్రి పనులు చేయడం: శవాన్ని పలకరించడం, తలుపును తినబోవడం, దీపాన్ని దీపంలోనే పెట్టబోవడం. రెండేళ్ళు తిరక్కుండా మెరెట్స్కీ స్వయంగా ‘ప్లానెట్‌ఫాల్’ రాశాడు, 1984లో రచయిత డగ్లస్ ఆడమ్స్‌తో కలిసి ‘హిచ్‌హైకర్స్ గైడ్’ ఆటను తయారుచేశాడు. ఆటగాడు ఎంత వింతగా ఆలోచిస్తాడో ముందే చూసినవాడు రాసిన ఆటలని వాటిలోని కొంటె జవాబులు పట్టిస్తాయి.

ఇదంతా కంపెనీల సంగతి. అసలు సందడి ఇళ్ళలో జరిగింది. 1980ల మొదట్లో బ్రిటన్‌లో, అమెరికాలో పిల్లలు పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చయిన బేసిక్ భాష ప్రోగ్రాం లిస్టింగులు చూసి లైను లైనూ టైపు చేసుకునేవారు. అలాంటివాటిలో మేలైనది 1983లో అస్బోర్న్ వాళ్ళు వేసిన, సొంతంగా అడ్వెంచర్ ప్రోగ్రాములు రాయడం నేర్పే పుస్తకం. అందులో ‘హాంటెడ్ హౌస్’ అనే ఆట లిస్టింగు మొత్తం ఉంది. అప్పటి రకరకాల మైక్రో కంప్యూటర్లకు ఏ లైను ఎలా మార్చుకోవాలో గుర్తులు పెట్టి మరీ ఇచ్చారు. వాటిలో బీబీసీ మైక్రో ఒకటి. మన దేశంలో 1984-85లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు వచ్చిందీ ఆ యంత్రమే.

హాంటెడ్ హౌస్ పటం ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు గడులు, గది సంఖ్యలు సున్నాతో మొదలవుతాయి. ఉత్తరానికి పోతే గది సంఖ్యలోంచి ఎనిమిది తీసేస్తారు, దక్షిణానికైతే ఎనిమిది కలుపుతారు, తూర్పుకు ఒకటి కలుపుతారు, పడమరకు ఒకటి తీసేస్తారు. ఏ గదికి ఏ దిక్కున దారి ఉందో డేటా లైన్లలో అక్షరాలుగా, మధ్య కామాలతో ఉంటుంది. చూడ్డానికి ముచ్చటైన అమరిక. చెడితే అంత ముచ్చటగానూ చెడుతుంది. ఒక అక్షరం వదిలేస్తే ఒక తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. ఎడమ అంచున ఉన్న గదికి పొరపాటున పడమటి దారి ఇస్తే, ఆటగాడు పై వరస తూర్పు కొసన ప్రత్యక్షమవుతాడు. ఎనిమిదిలోంచి ఒకటి తీస్తే ఏడు, ఏడో నంబరు గది ఉండేది అక్కడే మరి. ఒక్క కామా మరిస్తే రెండు గదుల దారులు ఒకదానికే అంటుకుని, అక్కడి నుంచి ప్రతి గదీ పక్కగది దారుల్ని తగిలించుకుంటుంది.

అన్నిటికన్నా ఏడిపించేది ఈ చివరి తప్పే. కామా పోయింది డేటా లైన్లో. యంత్రం మాత్రం డేటా చాల్లేదంటూ దాన్ని చదివే లైను నంబరు చూపిస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. ఆ లైనులో తప్పేమీ ఉండదు. కొత్తవాళ్ళు దాన్నే చెరిపి, మళ్ళీ కొట్టి, మళ్ళీ చెరిపేవారు. తెలిసినవాళ్ళు చేసే పని వేరు. ప్రతి గది డేటా చదవగానే ఆ గది సంఖ్యనూ దారుల్నీ తెర మీద చూపే లైను ఒకటి తాత్కాలికంగా చేర్చి, వాటితో గళ్ళ కాగితం మీద పటం గీసుకుంటూ పోయేవారు. పటం ఎక్కడ అతకలేదో అక్కడే కామా పోయినట్టు.

పత్రికలు కూడా ఊరుకోలేదు. అమెరికాలోని కంప్యూట్! పత్రికలో పాత లిస్టింగుల తప్పొప్పుల కోసం కాప్యూట్! అని ఒక శీర్షికే ఉండేది. పాఠకుల టైపింగు తప్పులు పట్టడానికి 1983లో ఆ సంస్థ ‘ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్’ అనే చిన్న ప్రోగ్రాం ఇచ్చింది. లైను కొట్టగానే అందులోని అక్షరాల విలువలు కూడి ఒక సంఖ్య చూపిస్తుంది, పత్రికలోని సంఖ్యతో సరిపోతే లైను సరైనట్టు. కూడికలో ముందు వెనకలు లేవు కదా, రెండు అక్షరాలు తారుమారైతే అది పట్టలేదు. తర్వాత వచ్చిన కొత్త ప్రూఫ్‌రీడర్ స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. తప్పులు పట్టే ప్రోగ్రాంలోనూ తప్పు ఉంటుందని ఆ పిల్లలకు చిన్నప్పుడే తెలిసొచ్చింది.

1982లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో తయారైన ‘ది హాబిట్’ది ఇంకో కథ. వెరోనికా మెగ్లర్, ఫిలిప్ మిచెల్ దాన్ని స్పెక్ట్రమ్ కంప్యూటర్ 48 కిలోబైట్లలో ఇమిడ్చారు. అందులోని పాత్రలు ఆటగాడి కోసం ఎదురుచూస్తూ నిలబడవు, తమంతట తాము తిరుగుతాయి, కొట్లాడుకుంటాయి. ఆటగాడు ఇంకా చేరకముందే అతనికి సాయపడాల్సిన పాత్ర ఎక్కడో చచ్చిపోయి ఉండొచ్చు. ఒక ఆట మరోసారి అలాగే జరగదు. అలాంటప్పుడు ఫలానా చోట తప్పు ఉందని ఎవరైనా రాస్తే దాన్ని మళ్ళీ రప్పించడం ఎలా? ఇంత పెద్ద ఆటలో తప్పులు లేవని హామీ ఇవ్వలేమని ప్రచురణకర్తలు ఆటతో ఇచ్చిన పుస్తకంలో ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో అది అరుదైన నిజాయితీ.

ఇళ్ళలో రాసేవాళ్ళకు నిజంగా ఊరటనిచ్చింది వేరే ఆలోచన. పటాన్నీ, వస్తువుల్నీ, మాటల్నీ డేటాగా విడదీసి, వాటిని నడిపే యంత్రాంగాన్ని ఒక్కసారే సరిగ్గా రాసేయడం. స్కాట్ ఆడమ్స్ 1978లో 16 కిలోబైట్ల టీఆర్ఎస్-80 మీద ‘అడ్వెంచర్‌లాండ్’ రాసినప్పుడే ఆ దారి పట్టాడు. 1983లో వేల్స్‌లోని గిల్‌సాఫ్ట్ విడుదల చేసిన గ్రేమ్ యాండిల్ ‘క్విల్’ అనే ప్రోగ్రాంతో ప్రోగ్రామింగు రానివాళ్ళూ ఆటలు తయారుచేసుకున్నారు. యంత్రాంగం తప్పులు తగ్గాక మిగిలినవి కథలోని తప్పులే. 1993లో గ్రాహం నెల్సన్ ఆ జీ-మెషీన్‌కే ఆటలు రాయడానికి ‘ఇన్ఫార్మ్’ అనే భాష చేశాడు. అందులో రచయిత కోసమే కొన్ని దొంగ ఆదేశాలున్నాయి. ‘పర్లాయిన్’ అంటే లోకంలో ఎక్కడున్న వస్తువైనా చేతిలోకి వస్తుంది, ‘గోనియర్’ అంటే కావలసిన చోటికి ఎగిరిపోవచ్చు. చివరి గదిలోని తాళం పరీక్షించడానికి మొదటి నుంచీ ఆడనక్కర్లేదు. నెల్సన్ ఆటగాడి హక్కుల జాబితా కూడా ఒకటి రాశాడు. ముందస్తు హెచ్చరిక లేకుండా చంపకూడదు, సరిగ్గా ఆ ఒక్క క్రియాపదమే కొట్టమని పట్టుబట్టకూడదు లాంటివి అందులో ఉన్నాయి. యంత్రం ఎర్రర్ అనని తప్పులివన్నీ.

క్రౌథర్ తొలి కోడ్ పోయిందనే చాలాకాలం అనుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో వుడ్స్ విద్యార్థి ఖాతా బ్యాకప్‌లో అది దొరికింది. పరిశోధకుడు డెన్నిస్ జెర్జ్ దాన్ని అసలు గుహతో పోల్చి 2007లో వ్యాసం ప్రచురించాడు. 2017లో ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్, క్రౌథర్ వుడ్స్‌ల అనుమతితో, వుడ్స్ 1995 నాటి 430 పాయింట్ల వెర్షన్‌ను ఓపెన్ సోర్సుగా విడుదల చేశాడు. ఆయన బృందం కోడ్‌లో వీలైనంతవరకు ప్రతి లైనునూ తాకేలా ఆడిన ఆటల రికార్డులు తయారుచేసింది. కోడ్‌లో ఏది మార్చినా ఆ రికార్డులన్నీ తిరిగి నడిపి, జవాబు ఒక్క అక్షరం మారిందేమో యంత్రమే చూస్తుంది. అలా వెతికితే పాత తప్పులు ఇంకా బయటపడ్డాయి. పంజరంలోని పక్షిని మోస్తే రెండు వస్తువులు మోస్తున్నట్టు లెక్కేసేది. వెలగని పాత్రను ఆర్పబోతే అందులోని నూనె మాయమయ్యేది. ముత్యపు చిప్ప చేతిలో లేకపోయినా, ఒకసారి తీసుకుంటే చాలు, దాని మీద రాసింది చదవగలిగేవారు. మూడింటినీ దిద్ది, దిద్దిన సంగతి ఆట కోడ్ పక్కన పెట్టిన నోట్సులో నమోదు చేశారు.