దించిన తర్వాతా ఉడికే వంట: కాలువ పడవ నుంచి లారీ దాకా

లీటరు చన్నీళ్లు మరగడానికి ఎంత సెగ పడుతుందో, మరిగిన ఆ నీళ్లు పూర్తిగా ఆవిరైపోవడానికి దానికి ఏడున్నర రెట్లు పడుతుంది. మూతలేని గిన్నె కింద పొయ్యి భగభగ మండుతుంటే డబ్బు ఎక్కడికి పోతోందో ఈ లెక్కే చెబుతుంది. ఇంటిపట్టున వండుకునేవాళ్లు దీన్ని పట్టించుకోకపోయినా రోజు గడిచిపోతుంది. కట్టెలో, కిరసనాయిలో, గ్యాసో వెంట మోసుకుంటూ పడవలోనో లారీలోనో రోజుల తరబడి బతికేవాళ్లకు గడవదు. కృష్ణా డెల్టాలో అలాంటి బతుకులకు నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, సరుకులకు దారులూ అయ్యాయి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను అందుకుని పడవలను మద్రాసు దాకా పంపింది. ధాన్యం, ఉప్పు, వంటచెరకు ఆ దారినే వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు. అలాంటి ప్రయాణం గంటల్లో తేలేది కాదు. పడవే ఇల్లు, పడవే వంటిల్లు.

పట్నం పొయ్యిలకు కట్టెలు మోసే పడవలో సొంత వంటకు మాత్రం ఆచితూచి మంట పెట్టుకోవాలి. సరుకు షావుకారుది, పైగా పడవ కొయ్యది. అందుకే పొయ్యి చిన్నది, మంట పొదుపు. ఎసరు కాగి బియ్యం పొంగు వచ్చి, గంజి వార్చాక మంటతో పని అయిపోయినట్టే. మూత పెట్టి నిప్పుల పక్కన వదిలేస్తే మిగతా పని అన్నం తనే చేసుకుంటుంది, ఉమ్మగిలి మెత్తబడుతుంది. మిగిలినదాంట్లో నీళ్లు పోసి ఉంచితే తెల్లవారేసరికి చద్దన్నం. ఒక్క మంటతో రెండు పూటలు. ఇంధనం ఆదా చేసే వంటల్లో దీన్ని మించినది ఇప్పటికీ రాలేదు.

అదే డెల్టా ఇళ్లలో సన్నసెగ వంట ఇంకో తీరుగా సాగింది. పిడకల దాలిలో పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, మీద ఎర్రటి మీగడ కట్టేది. మిల్లుల పుణ్యమా అని ఊకకు కొదవ లేదు కాబట్టి ఊకపొయ్యిలూ వెలిశాయి. ఇవి రెండూ బండెక్కలేదు. దాలి కదిలితే చెదిరిపోతుంది, ఊక బస్తాలు చోటు తినేస్తాయి, పొగ సరేసరి.

పొయ్యి మీంచి దించిన గిన్నెను గడ్డిలో కప్పెట్టి వంట పూర్తి చేయడాన్ని యూరప్ పెద్ద ఆవిష్కరణగానే చూసింది. 1867 పారిస్ ప్రదర్శనలో ‘నార్వే వంట పెట్టె’ పేరుతో దాన్ని చూపించారు. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంధనం కరువై అక్కడి ఇళ్లలో గడ్డిపెట్టెలు మామూలయ్యాయి. మన దేశంలో 1910లో కలకత్తా డాక్టరు ఇందుమాధవ్ మల్లిక్ ఇక్మిక్ కుక్కర్ తయారుచేశారు. క్యారేజీ లాంటి గిన్నెలను ఒక డబ్బాలో పేర్చి, అడుగున కాసిని బొగ్గులు రాజేస్తే అన్నం, పప్పు, కూర కలిసి ఆవిరి మీద ఉడికేవి. పక్కన ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు.

వరిగడ్డి వాములు కట్టే డెల్టాలో గడ్డిపెట్టె ఎందుకు పాతుకోలేదన్నది అడగాల్సిన ప్రశ్న. జవాబు కేరళలో దొరుకుతుంది. అక్కడ సైన్సును జనంలోకి తీసుకెళ్లే శాస్త్ర సాహిత్య పరిషత్ ‘చూడారాపెట్టి’ని ప్రచారం చేసింది. వేడి జారకుండా కట్టిన పెట్టె అది. మలయాళీలు తినే లావుపాటి ఉప్పుడు బియ్యం ఉడకడానికి చాలా సేపు పడుతుంది కనుక ఆ పెట్టెతో మిగిలేది కంటికి కనిపిస్తుంది. మన పచ్చిబియ్యం అలా కాదు. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం ఇచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఇట్టే ఉడికిపోతుంది. తెలుగువాడి పొయ్యిని తినేది అన్నం కాదు, కందిపప్పు. ఆ బెడద తీర్చడానికి ప్రెషర్ కుక్కర్ వచ్చింది. 1959 ప్రాంతంలో ప్రెస్టీజ్, హాకిన్స్ మన దేశంలో తయారీ మొదలుపెట్టాయి. లోపల వేడి 120 డిగ్రీలకు చేరేసరికి పప్పు మొండితనం పోయింది.

ఈలోగా దారి వంట పడవ నుంచి లారీకి మారింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన కట్టినప్పుడే పడవలకు గడ్డుకాలం మొదలైంది. ఆ తర్వాత లారీలు వాటిని తుడిచిపెట్టేశాయి. కలకత్తా–మద్రాసు రోడ్డూ, హైదరాబాదు–బందరు రోడ్డూ కలిసే విజయవాడ లారీల ఊరైపోయింది. డ్రైవరు, క్లీనరు కలిసి టూల్‌బాక్సులో స్టవ్వు, గిన్నెలు, బియ్యం వేసుకుని అస్సాం దాకా వెళ్లే రోజులవి. మొదట్లో పంపు స్టవ్వు, ఒత్తుల స్టవ్వు. 1973 చమురు సంక్షోభం తర్వాత కిరసనాయిలు పొదుపు దేశానికే పట్టుకుంది. ఇండియన్ ఆయిల్ పరిశోధకులు నూతన్ స్టవ్వు రూపొందించింది ఆ దశకంలోనే. పాత లారీల్లో ఇంజన్ మూత క్యాబిన్ మధ్యలోనే ఉండేది. దాని మీద పెట్టిన క్యారేజీ వెచ్చగా ఉండేది కానీ పచ్చిపప్పు ఉడికేది కాదు. ఇంజన్ వేడి మీద వంట గురించి అమెరికాలో 1989లో ఒక పుస్తకమే వచ్చింది. సరదాకి బాగుంటుంది, రోజూ అయ్యే పని కాదు.

2013లో బంకుల్లో అయిదు కిలోల సిలిండర్ అమ్మకం మొదలైంది. ఇండియన్ ఆయిల్ 2020లో దానికి ‘ఛోటు’ అని పేరు పెట్టింది. రోజుల తరబడి సముద్రం మీద ఉండే, బందరు దగ్గరి గిలకలదిండి మరబోట్లలో డీజిలు, ఐసు, బియ్యంతో పాటు వంటగ్యాసూ ఎక్కుతుంది. మీట తిప్పితే మంట వస్తుంటే ఉమ్మగిలే దాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? వెనకటి నేర్పు మరుగునపడింది అక్కడే. ప్రమాదమూ అక్కడే ఉంది. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో గ్యాస్ పొయ్యి వెలిగిస్తే తొమ్మిది మంది చనిపోయారు. రైల్లోకి సిలిండరు తేవడం అంతకు ముందు నుంచే నిషేధం.

లారీకి అలాంటి నిషేధం లేకపోయినా భయం ఉంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అంటే అద్దాలు మూసుకునే ఉంటాయి. ఆ గదిలో పొయ్యి వెలిగించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గడ్డిపెట్టె సూత్రం ఇప్పుడు మళ్లీ పనికొచ్చేది ఇందుకే. బండి ఆపినప్పుడు బయట పొయ్యి పెట్టి, నానేసిన కందిపప్పుని కుక్కర్లో ఒకటి రెండు విజిళ్లు రానిచ్చి, దించి, మందపాటి దుప్పట్లో చుట్టి పెట్టెలో పెడితే చాలు. బండి నడుస్తుండగానే పప్పు మెత్తబడుతుంది. కుక్కరు మరీ ఖాళీగా ఉంటే త్వరగా చల్లారుతుంది. వేడి 60 డిగ్రీలకు దిగకముందే తినేయాలి, లేదంటే మళ్లీ మరిగించుకోవాలి. ఉత్తరాది దారుల్లో అలవాటయ్యే రాజ్మాను మాత్రం ముందు పది నిమిషాలు కుతకుత ఉడికించనిదే పెట్టెలో పెట్టకూడదు. సగం ఉడికిన రాజ్మా విషం.

లారీ బాడీలు కట్టడంలో విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలకు పేరుంది. థర్మోకోల్, రేకు, చెక్క వాళ్ల చేతిలోని సామానే. టూల్‌బాక్సు పక్కన కుక్కరు పట్టేంత పెట్టెకు చోటు వదలడం వాళ్లకు పెద్ద పని కాదు. బండి కట్టించుకునే యజమానులు అడిగితే చాలు.