రూబ్ గోల్డ్‌బర్గ్ యంత్ర పోటీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నత పాఠశాలల, కళాశాలల విద్యార్థులు జట్లుగా నిర్మించు వినోదయంత్రముల పోటీ. అత్యల్పకార్యమును అతిజటిలముగా సాధించు యంత్రములను వ్యంగ్యచిత్రములందు కల్పించిన రూబ్ గోల్డ్‌బర్గ్ (1883–1970) పేర ఇది వెలసినది. బర్క్‌లీలో ఇంజనీరింగు చదివి చిత్రకారుడైన ఆయన 1948లో పులిట్జర్ బహుమానము నందెను. 1949లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున రెండు విద్యార్థి సంఘముల నడుమ స్పర్ధగా మొదలై, 1955 పిమ్మట నిలిచిపోయి, 1983లో పునరుద్ధరింపబడి, 1988లో ఈ పోటీ జాతీయస్థాయి నందుకొనెను.

ఏటేటా ఒక పని నిర్దేశింపబడును. 2012లో బుడగ నూది పగులగొట్టుట యట్టిది. దొర్లిన గోళీ పలకను తాకగా, పలక పడి దారమును లాగగా, దారము తూకపురాయిని విడువగా, ఒకదాని చలనము వేరొకదానికి సంక్రమించుచు కడపటి కార్యము సిద్ధించును. తులాదండము, కప్పీ, వాలుతలము మున్నగువాని ధర్మములు విద్యార్థులకు ఇట్లు కరతలామలకములగును. యంత్రము నడుమ నాగి, మనుష్యహస్తము సోకినచో అది దోషముగా గణింపబడును.