రాత్రి ఒంటిగంటకి రికార్డు బటన్ నొక్కినవాళ్ళు

మొన్నో గురువారం రాత్రి కొత్త బిల్డు ప్రొడక్షన్‌లోకి ఎక్కించి, లాగ్ ఫైళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. నిద్ర ఆపుకోడానికి చెవుల్లో ఓ పాత రేడియో ప్రోగ్రాం పెట్టుకున్నా. అదీ ఇలాంటి గురువారం రాత్రుల్లోనే, ఒంటిగంట నుంచి ఐదింటిదాకా న్యూయార్కులో వచ్చేది. పేరు 'స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అండ్ బబిటో షో'. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూకేసీఆర్, 89.9 ఎఫ్ఎంలో 1990 నుంచి 1998 దాకా నడిచింది.

ర్యాప్ అనగానే మొహం చిట్లించేవాళ్ళు అప్పుడే వెళ్ళిపోకండి. నేను చెప్పబోయేది పాటల గురించి కన్నా క్యాసెట్ల గురించి :)

కొంచెం వెనక్కి వెళ్దాం. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది 1973 ఆగస్టు 11. బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోడానికి టికెట్ పెట్టి పార్టీ చేసింది. రికార్డులు తిప్పింది వాళ్ళన్నయ్య డీజే కూల్ హర్క్. 'ర్యాపర్స్ డిలైట్' రికార్డు దేశమంతా మోగింది మాత్రం 1979లో. మరి మధ్యలో ఆరేళ్ళు ఈ సంగీతం ఎక్కడ బతికింది? పార్టీల్లో, ఆ పార్టీల్లో ఎవరో రికార్డు చేసుకున్న క్యాసెట్లలో!

రేడియోవాళ్ళు మొదట్లో దీన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. మిస్టర్ మ్యాజిక్ అనే ఆయన ఓ చిన్న స్టేషన్లో సొంత డబ్బుతో టైము కొనుక్కుని ర్యాప్ వేసేవాడు. 1983లో పెద్ద స్టేషన్ డబ్ల్యూబీఎల్ఎస్ ఆయన్ని పిలిచి 'ర్యాప్ అటాక్' మొదలుపెట్టించింది. పోటీగా కిస్ ఎఫ్ఎంలో డీజే రెడ్ అలర్ట్. అయితే అవి వ్యాపార స్టేషన్లు. ప్రకటనలిచ్చేవాళ్ళ మొహం చూడక తప్పదు.

స్ట్రెచ్, బబిటోలకి ఆ బాధ లేదు. ప్రకటనల్లేవు, జీతమూ లేదు. జోకులేసుకుంటూ, ఇంకా రికార్డు కంపెనీ దొరకని కుర్రాళ్ళ టేపులు వేసేవాళ్ళు. నాస్, బిగ్గీ, వూ-టాంగ్ వాళ్ళు పేరు రాకముందే అక్కడ వినిపించారు. 1995లో ఓ రాత్రి హార్లెం కుర్రాడు బిగ్ ఎల్ వచ్చాడు, వెంట ఇంకో స్నేహితుణ్ణి తెచ్చాడు. ఆ స్నేహితుడు జే-జీ. అప్పటికి అతనికి ఒక్క ఆల్బం కూడా లేదు. ఇద్దరూ మార్చి మార్చి అందుకున్నారు. అంతా లైవ్, రోల్‌బ్యాక్ లేదు.

1999లో బిగ్ ఎల్‌ని కాల్చి చంపేశారు. వయసు 24. బతికుండగా వచ్చింది ఒకే ఒక్క ఆల్బం. అందుకే ఆ రాత్రి టేపంటే అభిమానులకి అంత ప్రాణం.

ఇంతకీ ఇవన్నీ మనదాకా ఎలా వచ్చాయి? పొద్దున బడికో పనికో వెళ్ళాల్సిన పిల్లలు అర్ధరాత్రి లేచి క్యాసెట్ తిప్పి రెండోవైపు పెట్టారు కాబట్టి. ఊరు దాటని సిగ్నల్‌ని ఆ క్యాసెట్లే దేశాలు దాటించాయి. 1998లో 'ది సోర్స్' పత్రిక దీన్ని ఎప్పటికీ అత్యుత్తమ హిప్‌హాప్ రేడియో షో అంది. 2015లో బబిటో స్వయంగా డాక్యుమెంటరీ తీశాడు.

ఈలోగా 1996 టెలికాం చట్టం వచ్చింది. దేశం మొత్తమ్మీద ఒక కంపెనీ ఇన్ని స్టేషన్లే ఉంచుకోవాలన్న పరిమితి పోయింది. కొన్నేళ్ళలోనే ఒకే కంపెనీ చేతికి వెయ్యికి పైగా స్టేషన్లు. ఊరికో గొంతు పోయి, అన్నిచోట్లా ఒకటే పాటల జాబితా!

మా తాతయ్య పద్యాలు పాడిన క్యాసెట్ ఒకటుండేది. దానిమీద చిన్నప్పుడు నేనే సినిమా పాటలు ఎక్కించేశాను. అప్పుడెవరూ తిట్టలేదు, ఇప్పుడు నాకు నేనే తిట్టుకుంటున్నాను. చరిత్ర దాచాలంటే పెద్ద సంస్థలే అక్కర్లేదు. నిద్ర చెడగొట్టుకునేవాడు ఒక్కడుంటే చాలు.

అన్నట్టు, బిల్డు నాలుగింటికి గట్టెక్కింది. లాగులు మాత్రం చెరపలేదు :)