మతిమరుపుకీ జబ్బుకీ మధ్య గీత

పెద్దవాళ్ళు అడిగిందే పదిసార్లు అడిగితే మన ఇళ్ళలో "చాదస్తం" అనేవారు. ఇంకాస్త ముదిరితే "వయసు మీదపడింది" అని సరిపెట్టుకునేవారు. ఇది మన వెనకబాటుతనం అనుకోనక్కరలేదు. పాశ్చాత్య వైద్యం కూడా ఇరవయ్యో శతాబ్దం చాలావరకు ఇలాగే అనుకుంది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 51 ఏళ్ళ ఆగస్టె డీటర్ అనే స్త్రీ చేరింది. 1906లో ఆమె మరణించాక అలోయిస్ ఆల్జైమర్ ఆమె మెదడును పరిశీలించి, కణాల మధ్య మచ్చలనీ, కణాల లోపల చిక్కుముడులనీ గుర్తించాడు. 1910లో క్రేపెలిన్ తన గ్రంథంలో ఆ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టాడు. అయితే ఆ పేరు నడివయసు వారికే పరిమితమైంది. అదే డెబ్భై ఏళ్ళ మనిషికి వస్తే ముసలితనం అని వదిలేసేవారు.

ఆ అడ్డుగోడ పడగొట్టడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. అమెరికాలో 1974లో వార్ధక్యంపై పరిశోధనకు జాతీయ సంస్థ ఏర్పడింది. 1976లో న్యూయార్క్ వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్, వయసు ఏదైనా ఇది ఒకటే జబ్బు అని గట్టిగా వాదించాడు. 1994లో మాజీ అధ్యక్షుడు రీగన్ తనకు ఆల్జైమర్స్ ఉందని దేశానికి ఉత్తరం రాయడంతో ఆ మాట ఇంటింటికీ చేరింది.

మరి మామూలు మరుపు సంగతి? 1962లోనే మాంట్రియల్‌లో క్రాల్ అనే వైద్యుడు, హాని చేయని మరుపు వేరు అని చెప్పాడు. 1999లో మేయో క్లినిక్‌కు చెందిన పీటర్సన్ బృందం ఈ రెంటికీ నడుమ ఉన్న దశను స్పష్టంగా వర్ణించింది. జ్ఞాపకశక్తి వయసుకు తగినదానికన్నా తగ్గుతుంది, రోజువారీ పనులు మాత్రం సాగిపోతుంటాయి. వారి అధ్యయనంలో ఇలాంటివారిలో ఏటా సుమారు 12 శాతం డిమెన్షియాలోకి జారారు.

గీత ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పెళ్ళిలో ఎదురైన బంధువు పేరు వెంటనే తట్టక, కాసేపటికి గుర్తుకొస్తే అది వయసు. ఆ పెళ్ళికి వెళ్ళిన సంగతే మరచిపోవడం, అదీ పదేపదే జరగడం వేరు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పులిహోరలో దేని తరువాత ఏది వేయాలో తెలియక నిలబడిపోతే వైద్యుణ్ణి చూడాలి.

ఇక్కడే మన ప్రవాస కుటుంబాలకు ఒక చిక్కు ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడ చాలామంది కారు నడపరు, బిల్లులు కట్టరు, బజారుకు ఒంటరిగా వెళ్ళరు. అన్నీ మనమే చేసిపెడతాం. చేసే పనే లేనప్పుడు, చేయలేకపోవడం ఎలా కనబడుతుంది?

పరీక్షలతో మరో చిక్కు. 1975లో వచ్చి ప్రపంచమంతా వ్యాపించిన 30 మార్కుల పరీక్షలో ఇది ఏ రుతువు, ఏ కౌంటీ అని అడుగుతారు. ఒక ఇంగ్లీషు మాటను వెనక నుంచి చెప్పమంటారు. ఆషాఢమో శ్రావణమో తడుముకోకుండా చెప్పగల గుంటూరు జిల్లా పెద్దావిడ అక్కడ మార్కులు పోగొట్టుకోవచ్చు. అలాంటప్పుడు కొలిచింది జ్ఞాపకాన్ని కాదు, భాషని.

మన భాషలో పని జరగకపోలేదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారికి లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివారిలో సైతం ఈ తేడా కనబడింది. భారత వైద్య పరిశోధన మండలి చొరవతో తెలుగుతో సహా అయిదు భాషల్లో పరీక్షలు తయారయ్యాయి.

త్వరగా తేల్చుకోవడం ఇప్పుడు మరీ అవసరం. 2023లో, 2024లో అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్, డోనానెమాబ్ మందులు ఆల్జైమర్స్ తొలిదశలో ఉన్నవారికే ఉద్దేశించినవి. అవి జబ్బును కొంత నెమ్మదింపజేస్తాయేగాని నయం చేయవు, ప్రమాదాలూ ఉన్నాయి. మరోవైపు బి12 లోపం, థైరాయిడ్, దిగులు, వినికిడి తగ్గడం, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపులా కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది.

కాబట్టి అమ్మానాన్నలను వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళేముందు, ఏడాది క్రితం చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటో రాసుకోండి. ఊళ్ళో ఉన్న చెల్లెలినో పిన్నినో అడగండి. తెలుగు దుబాసీ కావాలని ఆసుపత్రివారికి ముందే చెప్పండి. మనమే అనువదిస్తే, ప్రేమకొద్దీ జవాబు కూడా మనమే అందించేస్తాం.